సీటొస్తుందంటారా

మా అమ్మాయికి నీట్ ర్యాంకు వచ్చిన రోజు నుంచి ఫోను మోగని పూట లేదు. పెళ్ళిళ్ళలో తప్ప కనిపించని చుట్టాలు కూడా గుర్తుపెట్టుకుని మరీ చేశారు. అందరివీ అవే రెండు ప్రశ్నలు. "ఎంతొచ్చింది?" అని ఒకటి. ర్యాంకు చెప్పగానే "ఓహో" అంటారు. తర్వాత మెల్లగా, "సీటొస్తుందంటారా?" నాకు ఒళ్ళు మండిపోయేది. వస్తుందో రాదో నాకే తెలిస్తే తిండి సయించక ఇలా గోడకి చేరబడి ఎందుకు కూర్చుంటాను? అలా అనలేం కదా. "చూడాలండీ, అంతా దేవుడి దయ" అని పెట్టేసేదాన్ని. పెట్టేశాక ఆ దేవుడి మీద కూడా కోపం వచ్చేది.

మంచి ర్యాంకు కాదు, అలాగని చెడ్డదీ కాదు. అదే మా ప్రాణం తీసింది. బాగా వస్తే స్వీట్లు పంచుతాం, బొత్తిగా పోతే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాం. ఇది గట్టు మీద నిలబడ్డ ర్యాంకు. ఇటు ఒరిగితే కన్వీనర్ కోటాలో డాక్టరు చదువు, అటు ఒరిగితే మళ్ళీ లాంగ్‌టర్మ్. డబ్బు పోసి కొనుక్కునే సీటు మా ఊహలో కూడా లేదు. నేను ఒంగోల్లో హైస్కూలు తెలుగు టీచర్ని, మా ఆయన ఒక పొగాకు కంపెనీలో గోదాము చూసుకుంటారు. లాంగ్‌టర్మ్ అంటే ఏమిటో మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంటరయ్యాక సీటు రాని పిల్లల్ని మళ్ళీ ఏడాది హాస్టల్లో పెట్టి, అదే పరీక్షకి అవే పుస్తకాలు రుబ్బించడం. మా పిల్ల ఆ ఏడాది ఒకసారి చేసేసింది. ఇప్పుడొచ్చింది రెండోసారి రాసిన ర్యాంకు.

ఎనిమిదో తరగతి నుంచీ తను నెల్లూరు హాస్టల్లోనే ఉంది. ఎందుకు వేశారంటే ఏం చెప్పను, మా వీధిలో అందరూ వేశారు. విజయవాడ దూరం, నెల్లూరు అయితే రైలెక్కితే దిగడమే అన్నారు మా ఆయన. నెలకోసారి చికెన్ పచ్చడి సీసా, ఉతికిన దుప్పట్లు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని తినిపించి వచ్చేవాళ్ళం. స్కూలు, ఇంటరు, ఆ తర్వాత లాంగ్‌టర్మ్ కూడా అక్కడే గడిచిపోయాయి.

రెండోసారి పరీక్ష రాసి పెట్టె తెచ్చుకుని ఇంటికొచ్చినప్పుడు చూశాను, పిల్ల ఇదివరకటి పిల్ల కాదు. ఇంకా తెల్లవారకముందే లేచి మంచం మీద నిటారుగా కూర్చునేది, చేతిలో పుస్తకం ఉండేది కాదు. కంచం ముందు కూర్చుంటే నేను కూర వడ్డించేలోపు పప్పన్నం అయిపోయేది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "బాత్‌రూంకి వెళ్ళొచ్చా అమ్మా?" అని అడిగింది. అడిగాక తనకే తెలిసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ సాయంత్రమే జడ వేస్తుంటే అంది, "ఇంకో ఏడాది మాత్రం నా వల్ల కాదమ్మా. ఇంకేదైనా చదువుతాను. అక్కడికి మాత్రం వద్దు." దువ్వెనలో వచ్చిన జుట్టు ఉండ చుట్టి దాచేసి, "ఎందుకొస్తుందే ఆ పరిస్థితి, సీటొస్తుంది" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

అలాంటప్పుడు మా ఇంట్లో అందరం చూసేది సత్తెనపల్లి వైపే. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అక్కడ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఎంసెట్టో నీటో ఫలితాలు వచ్చాయంటే చాలు, ఆయన వరండా డాక్టరు గది బయట బల్లలాగా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పత్తి రైతులూ మిర్చి రైతులూ పిల్లల్ని మోటారు సైకిళ్ళ మీద ఎక్కించుకుని వస్తారు. ఆయన పోయినేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో చూసి, పెన్సిలుతో గీసుకుని, వస్తుందో రాదో చెబుతారు. పైసా పుచ్చుకోరు. చెప్పింది తప్పదని పేరు.

మేం ముగ్గురం వెళ్ళిన రోజు జూలైలో ఆదివారం. గుంటూరు దాటాక దారి పొడుగునా పత్తి విత్తనాలు పెడుతున్నారు. బస్సులో మా ఆయన పేపరులో తల పెట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాను, ఆగితే ఏడుపొస్తుందని. పిల్ల కిటికీ పక్కన కూర్చుని ఎవరికీ చెందనట్టు బయటికి చూస్తోంది.

మేం వెళ్ళేసరికి వరండాలో ఒక మిర్చి రైతు ఉన్నాడు, పక్కన కొడుకు తల దించుకుని నిలబడి ఉన్నాడు. "మేష్టారూ, మావోడికి వచ్చుద్దంటారా?" అని అడుగుతున్నాడు. బావగారి పద్ధతి నేను ఎన్నోసార్లు చూశాను. మూడే అడుగుతారు. ర్యాంకెంత, కేటగిరీ ఏమిటి, ఆడపిల్లా మగపిల్లాడా. తర్వాత కాగితాల్లోకి చూస్తారు. ఆ రోజూ అలాగే చూసి, కళ్ళజోడు తీసి, "చూద్దాం" అన్నారు. ఆ తండ్రి దండం పెట్టి, కొడుకు భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు.

వంటింట్లో మా తోటికోడలు నా చెవిలో చెప్పింది. "మీ బావగారు చూద్దాం అన్నారంటే రాదనే. నోటితో రాదని మాత్రం అనరు. పిల్లలు ఇంటికెళ్ళి ఏమైనా చేసుకుంటారని భయం ఆయనకి." తాగుతున్న మజ్జిగ గ్లాసు గట్టు మీద పెట్టేశాను. ఇప్పుడు మా వంతు. హాల్లోకి వెళ్ళి కూర్చున్నానే గానీ ఆయన పెదాల వైపే చూస్తున్నాను, ఆ మాట ఎక్కడ వస్తుందో అని.

మా పిల్లని ఆయన ఆ మూడు ప్రశ్నలు కూడా అడగలేదు, అన్నీ తెలిసినవే కదా. చాలాసేపు గీశారు. పోయినేడు కాగితం, అంతకుముందు ఏడాది కాగితం పక్కపక్కన పెట్టుకున్నారు. తర్వాత తల ఎత్తి, "వస్తుంది. ఇంకేం ఆలోచన పెట్టుకోకండి. గుంటూరు కష్టంగానీ, మన ఒంగోల్లోనే వస్తుంది. ఇంట్లోంచి స్కూటీ మీద పోయి చదువుకుంటుంది" అన్నారు.

నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ పూట నేను వరసగా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఎన్ని రోజులకో మా ఆయన నవ్వారు, అన్నగారితో పొగాకు ధరల గురించి వాదన కూడా పెట్టుకున్నారు. పిల్ల మా ఇద్దరినీ చూస్తూ నెమ్మదిగా తింది.

తిరుగు బస్సులో తను ఒక మాట అడిగింది. "నాన్నా, అగ్రికల్చర్ కౌన్సెలింగ్‌కి కూడా వెళ్దామా? అందులో నాకు మంచి ర్యాంకే కదా." రాష్ట్రం వాళ్ళ ఎంసెట్ కూడా రాసింది తను, అందులో వ్యవసాయం డిగ్రీకి సీటు వచ్చేటట్టే ఉంది. మా ఆయన, "పెదనాన్న వస్తుందన్నాక అదెందుకే? తర్వాత దాన్ని వదులుకోవడం ఇంకో తలనొప్పి" అన్నారు. నేనూ "అవునే" అన్నాను. డాక్టరమ్మ కాబోయే పిల్లకి పొలం చదువెందుకని నా లోపల నాకు గొప్ప. "సరే" అంది పిల్ల. ఏది చెప్పినా సరే అనే పిల్ల. ఆ కౌన్సెలింగ్ వచ్చింది, పోయింది. మేం పట్టించుకోలేదు.

తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనకి గుంటూరు రమ్మన్నారు. నేనూ పిల్లా వెళ్ళాం. ఒక కాలేజీ హాల్లో బల్లలు వేసి కూర్చున్నారు. మా బల్ల దగ్గర ఒక మేడమ్ ఉన్నారు, నా వయసే ఉంటుంది, మర్యాదగానే మాట్లాడారు. మార్కుల జాబితాలు చూశారు, కులం సర్టిఫికెట్ చూశారు. స్టడీ సర్టిఫికెట్లు తిప్పుతూ, "ఎనిమిది నుంచి ఇంటర్ దాకా నెల్లూరేనా?" అన్నారు.

"అవునండీ, హాస్టల్" అన్నాను, కొంచెం గర్వంగానే.

"అయితే అమ్మాయి మీ వైపు లోకల్ కాదమ్మా. సీమ వైపు లోకల్."

నాకు అర్థం కాలేదు. "మాది ఒంగోలండీ. మా మామగారి తాతల కాలం నుంచీ ప్రకాశం జిల్లానే. ఇల్లు, ఓటు, రేషన్ కార్డు, అన్నీ ఒంగోల్లోనే" అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇల్లెక్కడ, ఓటెక్కడ అన్నది కాదట. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్ల వరసగా ఎక్కడ చదివితే అక్కడి మనిషి కిందే లెక్కట. ప్రకాశం, గుంటూరు, అటు శ్రీకాకుళం దాకా ఒక గుంపు. నెల్లూరు మాత్రం కడప, కర్నూలు, చిత్తూరు, అనంతపురాలతో కలిసి ఇంకో గుంపు. సీట్లలో పెద్ద వాటా ఏ గుంపువి ఆ గుంపు పిల్లలకే. ఏదో కొంచెం మాత్రం అందరికీ కలిపి ఉంటుంది, దానికి చాలా మంచి ర్యాంకు కావాలి.

"అంటే ఒంగోలు కాలేజీ..."

"అక్కడ కష్టమమ్మా. అటువైపు చూసుకోండి" అని ముద్ర కొట్టి ఇచ్చేశారు.

మా వైపు ఎవరినైనా మీదే ఊరండీ అంటే, పుట్టి పెరిగింది ఎక్కడైనా, ఉద్యోగం ఎక్కడైనా, తాతల ఊరి పేరే చెబుతాం. హైదరాబాదులో ముప్పై ఏళ్ళు ఉన్నవాళ్ళు కూడా మాది అద్దంకి దగ్గర అంటారు. పిల్ల నెల్లూర్లో ఉందంటే మాకు చదువుకోవడానికి వెళ్ళినట్టేగానీ, ఊరు మారినట్టు కాదు. నేను టీచర్ని. మా ఆయన రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి. బావగారి సంగతి సరేసరి. ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. బావగారి దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఆ చుట్టుపక్కల పుట్టి గుంటూర్లో చదివిన పిల్లలు. ఎక్కడ చదివావమ్మా అని అడగాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు. సొంత తమ్ముడి కూతురికి మాత్రం పడింది, అప్పుడూ అడగలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఎండ మండిపోతోంది. పిల్ల నా పక్కన కూర్చుని వాటర్ బాటిల్ మూత తీసి ఇచ్చింది. ముఖంలో నాకున్న కంగారు లేదు. అది చూసి అనుమానం వచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

కొంచెంసేపు చెప్పులకేసి చూసింది. "తెలుసమ్మా. హాస్టల్లో అందరికీ తెలుసు. ప్రకాశం పిల్లలం చాలామందిమే ఉన్నాం కదా."

"మరి పెదనాన్న ఒంగోల్లో వస్తుందంటుంటే నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నావే?" నా గొంతు పెరిగింది. పక్కన నిలబడ్డ తండ్రీకూతుళ్ళు మా వైపు చూశారు.

"చెబుదామనే అనుకున్నా. చెప్పబోయేసరికి నువ్వు అన్నం తింటున్నావు. ఫలితాలొచ్చాక నువ్వు సరిగ్గా తినడం అదే మొదటిసారి. నాన్న నవ్వుతున్నారు. చెప్పాలనిపించలేదు. అందుకే అగ్రికల్చర్‌కి వెళ్దామా అన్నాను."

ఇన్ని వారాలూ మేం నిశ్చింతగా నిద్రపోతుంటే, ఆ మూల గదిలో ఈ పిల్ల ఒక్కతే ఈ భయం మోసుకుంటూ పడుకుంది. నేను పక్కింటివాళ్ళకి "ఒంగోల్లోనే వస్తుందటండీ" అని చెప్పుకుంటుంటే విని ఊరుకుంది. కొట్టాలన్నంత కోపం వచ్చింది, ఒళ్ళోకి లాక్కోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "పద, బస్సు టైమవుతోంది" అన్నాను.

బస్టాండులోంచే బావగారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఫోన్ కట్టయిందేమో అని "బావగారూ" అన్నాను. "ఉన్నానమ్మా" అన్నారు. ఆ గొంతు విని నేను అనాలనుకున్న నాలుగు మాటలూ మింగేశాను. మర్నాడే ఆయన ఒంగోలు వచ్చారు, ఆ మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి. సీమ కాలేజీల పాత కటాఫ్‌లు ఎవరి దగ్గరో సంపాదించుకుని వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా హాల్లో కూర్చుని గీయడం మొదలుపెట్టారు. పోయినేడు మా కేటగిరీ ఆడపిల్లలకి అటువైపు సీట్లు సరిగ్గా మా పిల్ల ర్యాంకు దగ్గర్లోనే అయిపోయాయి. ఇటు గీశారు, అటు గీశారు, రబ్బరు పెట్టి తుడిచారు. మేం ముగ్గురం చుట్టూ నిలబడి ఉన్నాం.

చివరికి కళ్ళజోడు తీశారు. నా వైపు చూడలేదు, పిల్ల వైపు చూశారు. "చూద్దాం తల్లీ" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఇక వెబ్ ఆప్షన్లు పెట్టడం. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరస ఇవ్వాలి. అది మా పిల్లే పెట్టుకుంది, మేం పక్కన కూర్చున్నాం. తనకి అన్ని కాలేజీలూ తెలుసు, ఏ కాలేజీలో ఎవరి అక్క చదువుతోందో కూడా తెలుసు. తిరుపతి పెట్టింది, కర్నూలు పెట్టింది, కడప, అనంతపురం, కొత్తగా పెట్టిన కాలేజీలు, అన్నీ పెట్టుకుంటూ పోయింది. నెల్లూరు అన్నిటికంటే చివర పెట్టింది. "అదేమిటే, అన్నిట్లోకీ మనకి దగ్గర అదే కదా" అన్నారు మా ఆయన. "దగ్గరే నాన్నా" అంది. మళ్ళీ ఒకసారి చూసుకుంది, చివరే ఉంచేసింది.

మొదటి జాబితా వచ్చింది. అందులో మా పిల్ల లేదు.

ఆ వారం మా ఇల్లు ఇల్లులా లేదు. ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ప్రశ్నలు కాదు, ఓదార్పులు. "ఈ రోజుల్లో డాక్టర్లకి మాత్రం ఏముందిలెండి" అని ఒకావిడ అంది. పోయినేడు ఆవిడ కొడుక్కి సీటొచ్చినప్పుడు వీధి వీధంతా భోజనాలు పెట్టింది. "అవునండీ, ఏమీ లేదు" అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ. స్కూల్లో పద్యం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని, పిల్లలే తర్వాతి పాదం అందించేవాళ్ళు. రెండో జాబితా ఉంది, అందులో కొందరు పై కాలేజీలకి మారితే కింద ఖాళీలు వస్తాయి, రావచ్చు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. పిల్లతో చెబితే, "సగం సగం అమ్మా" అంది, వాతావరణం చెప్పినట్టు. బావగారు లెక్కలు వేసినప్పుడు చెప్పలేని మాట తను తేలిగ్గా చెప్పేసింది.

ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా ఆయన వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నారు. "అవునండీ, పోయినేడు మీ దగ్గరే. ఆ, అమ్మాయే. ఒకవేళ రాకపోతే... మళ్ళీ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందండీ? ఒక సీటు ఉంచుతారా?" నెల్లూరు హాస్టల్‌కి చేస్తున్నారు. కిటికీ తెరిచి ఉంది. కిటికీ అవతల పిల్ల బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టిన చుడీదార్‌నే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

బ్యాగు అక్కడే పడేశాను. "పెట్టేయండి ఫోను" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ముందే చెప్పుంచితే మంచిది కదా, తర్వాత దొరకదు" అన్నారు. ఆయన మనసు చెడ్డది కాదు. భయం వేస్తే ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటేగానీ నిలబడలేని మనిషి. ఆ క్షణంలో నాకు అవేమీ కనపడలేదు. "దాని చేత బాత్‌రూంకి కూడా పర్మిషన్ అడిగి వెళ్ళేటట్టు చేశారు అక్కడ. మళ్ళీ అక్కడికే పంపుతారా? పంపితే నేనూ వెళ్ళి ఆ గేటు దగ్గరే కూర్చుంటాను. మీరు ఇక్కడ పొగాకు బేళ్ళు లెక్కపెట్టుకోండి" అని అరిచాను. ఎదురింటి వాళ్ళ టీవీ ఆగింది. ఆయన ముఖం నల్లబడింది. ఆ ఫోన్ పెట్టేసి గేటు దాకా నడిచి, నా ఎదురుగానే మళ్ళీ చేసి, "వద్దండీ, మేం పంపడం లేదు" అని చెప్పారు.

తర్వాత పిల్ల గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. "చూడు అమ్మలూ, సీటొచ్చినా రాకపోయినా నిన్ను అక్కడికి పంపం. రాకపోతే డిగ్రీ ఇక్కడే చేద్దువుగాని. నాన్న ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. నా మాట నమ్ము" అన్నాను. "సరే అమ్మా" అంది. అంత పెద్ద మాట ఇచ్చేశాక నాకు గుండె తేలికైంది. పిల్లకీ తేలికైందనే అనుకున్నాను. ఆ రోజు నుంచి సీటు సంగతి కొంచెం వెనక్కి జరిగినట్టే అనిపించింది. రాకపోతే రాకపోయింది, పిల్ల కళ్ళముందు ఉంటుంది అనుకుంటే పద్యాలు కూడా నోటికి రావడం మొదలయ్యాయి.

రెండో జాబితా ఎప్పుడొస్తుందో సరిగ్గా ఎవరికీ తెలియదు. ఈరోజు అంటారు, రేపంటారు. వచ్చిన రోజు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఫోన్ స్టాఫ్ రూంలో మోగుతోందని అటెండర్ వచ్చి చెప్పింది. అంత దూరం ఎలా నడిచానో తెలియదు. చేతిలో సుద్ద ముక్క అలాగే ఉంది. మా పిల్ల నంబరు.

"అమ్మా, వచ్చింది" అంది.

"ఏది?"

"సీటమ్మా. సీమలో కొత్త కాలేజీ. చాలా దూరం. ఊరి బయట కొండ పక్కన ఉంటుందట."

కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. లెక్కల మేడమ్ నా ముఖం చూసి లేచి నిలబడింది. నేను తల ఊపాను, వచ్చిందని. అందరూ ఒక్కసారిగా చుట్టూ చేరారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. ఆ గోలలో ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, "అమ్మలూ, విన్నానే, విన్నాను" అన్నాను. అటువైపు పిల్ల ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. సంతోషంతో ఏడుస్తోందనే అనుకున్నాను.

"అమ్మా, నాన్నకి ఒక మాట చెప్పవా?"

"చెబుతానే, ఇప్పుడే చెబుతాను. ఎగిరి గంతేస్తారు."

"అది కాదమ్మా. ఆ హాస్టల్ వాళ్ళకి ఫోన్ చేసి, ఇక రావడం లేదని చెప్పమను. సీటొచ్చిందని కూడా చెప్పమను. లేకపోతే వాళ్ళు నా పేరు అలాగే ఉంచుకుంటారు."

"అదేమిటే, ఆ రోజే వద్దని చెప్పేశారు కదా. నా ఎదురుగానే చేశారు. నీకు చెప్పాను కూడా."

అటువైపు ముక్కు ఎగబీల్చడం వినపడింది. "చెప్పావులే అమ్మా. ఇంకోసారి చెప్పమను. ఇప్పుడు సీటొచ్చింది కదా, ఇప్పుడైతే నిజంగానే పంపరు కదా" అంది.

స్టాఫ్ రూంలో స్వీట్లు ఎప్పుడని అడుగుతున్నారు. హెచ్.ఎం. గారు కూడా తలుపు దగ్గరికి వచ్చి నవ్వుతూ నిలబడ్డారు. నేను వాళ్ళని దాటుకుని వరండాలోకి వచ్చాను. నేనిచ్చిన మాటని ఆ పిల్ల ఒక్క రోజు కూడా నమ్మలేదు. మంచం మీద నా పక్కన కూర్చుని సరే అమ్మా అన్న పిల్ల, ఆ తర్వాత రోజూ పెట్టె సర్దుకోవాల్సి వస్తుందనే పడుకుని లేచింది. మా మాట కంటే ఆ కాలేజీ పేరే తనకి ఎక్కువ ధైర్యం ఇచ్చింది. ఇంత సంతోషం చేతికి వచ్చాక కూడా నాకు ఎక్కడో గట్టిగా నొప్పి పుట్టింది.

మా ఆయనకి ఫోన్ చేశాను. సీటొచ్చిందని చెప్పాను. గోదాములో హమాలీలు అరుస్తున్నారు, ఆయన ఏమన్నారో వినపడలేదు. తర్వాత, "ముందు నెల్లూరు హాస్టల్ వాళ్ళకి ఫోన్ చేసి, పిల్ల రావడం లేదని చెప్పండి" అన్నాను.

"అదేమిటి, ఎప్పుడో చెప్పేశానుగా" అన్నారు.

"తెలుసు. మళ్ళీ చెప్పండి. ఇంటికెళ్ళి, దాని ఎదురుగా కూర్చుని, అది వింటుండగా చెప్పండి."